కడలి చాటువులు: నావికుల వివాహ సందేశాలలో హాస్యం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలో చాటువుకు ప్రత్యేకమైన స్థానం ఉంది. అది కావ్యంలో భాగం కాదు. ఒక సందర్భంలో పుట్టి, నోటి నుండి నోటికి సాగి, తన పుట్టుక కథను కూడా వెంట మోసుకొని తిరుగుతుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్యమణిమంజరి’గా సేకరించి ఉండకపోతే వాటిలో అనేకం ఈ తరానికి అందేవి కావు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో ఆంగ్లంలో ప్రచురించిన గ్రంథంలో చాటువును దాని చుట్టూ అల్లుకున్న కథ నుండి విడదీసి చదవలేమని నిరూపించారు. పద్యం ఎవరు చెప్పారన్న ప్రశ్న కంటే, ఏ సందర్భంలో చెప్పినట్లు లోకం గుర్తు పెట్టుకుంది అన్న ప్రశ్నకే అక్కడ విలువ ఎక్కువ.

ఈ దృష్టితో చూస్తే, సాహిత్యంగా ఎవరూ పరిగణించని కొన్ని లఘు రచనలు కూడా చాటు లక్షణాలతో కనిపిస్తాయి. సముద్రం మీద ఉన్న ఓడల నుండి నావికులు తీరాన జరిగే పెళ్ళిళ్ళకు పంపిన హాస్య సందేశాలు అటువంటివి. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళ, వాణిజ్య నౌకల సంప్రదాయంలో ఇవి విరివిగా వాడుకలో ఉండేవి. ఈ సందేశాలలోని హాస్యం మాధ్యమపు నిర్బంధం నుండి పుట్టిందనీ, పెళ్ళికి రాలేకపోయిన మనిషి లోటును అది పూడ్చిందనీ, అందువల్ల దీనిని చాటు సాహిత్యపు కొలమానంతో పరిశీలించడం సమంజసమనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాధ్యమం – నేపథ్యం

ఓడకూ ఓడకూ మధ్య, ఓడకూ తీరానికీ మధ్య సంభాషణకు మొదట జెండాలే ఆధారం. 1857లో బ్రిటన్ ప్రకటించిన వాణిజ్య సంకేతావళి 18 జెండాల కలయికతో 70,000కు పైగా సందేశాలను చెప్పగలిగేది. అయితే జెండా కంటికి కనిపించేంత దూరమే పనిచేస్తుంది. ఇంటి పెళ్ళికి శుభాకాంక్షలు చెప్పడానికి అది చాలదు. 1897లో మార్కోనీ సంస్థ ఏర్పడి, తరువాతి దశాబ్దంలో ప్రయాణికుల ఓడలలో వైర్‌లెస్ యంత్రాలు అమరిన తరువాతనే నడిసముద్రం నుండి ఇంటికి మాట పంపడం సాధ్యమైంది.

వైర్‌లెస్ అనగానే ప్రమాద సంకేతాలు గుర్తుకు వస్తాయి. కాని ప్రయాణికుల ఓడలలో ఆ యంత్రం రోజువారీ పని వేరు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొనడానికి ముందు దాని వైర్‌లెస్ ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ కేప్ రేస్ తీర కేంద్రానికి పంపుతున్నవి ప్రయాణికుల సొంత కబుర్లే. కుశల ప్రశ్నలు, రాక వార్తలు, అభినందనలు ఆ యంత్రానికి నిత్యకృత్యం. మృత్యువు కబురూ పెళ్ళి కబురూ ఒకే మీట మీద, ఒకే చేతి వేలితో, ఒకే చుక్కలూ గీతల లిపిలో వెళ్ళేవి.

ఈ సహవాసాన్ని నియమంగా కూడా స్థిరపరిచారు. ఓడలు పిలుపులకూ ప్రమాద సంకేతాలకూ వాడే 500 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం మీద ప్రతి గంటలోనూ 15వ నిమిషం నుండి, 45వ నిమిషం నుండి మూడేసి నిమిషాలు మౌనం పాటించవలసి ఉండేది. వైర్‌లెస్ గదిలోని గడియారం మీద ఆ మూడు నిమిషాల భాగాలను ఎర్ర రంగుతో గుర్తించేవారు. ఎక్కడో మునిగిపోతున్న ఓడ బలహీనమైన కేక వినిపిస్తుందేమోనని అందరూ చెవి ఒగ్గే సమయమది. నావికుని పరిహాసం గంటకు రెండుసార్లు ఆ మౌనానికి దారి ఇచ్చే లోకంలోనే పుట్టింది. ఈ నేపథ్యం తెలియకపోతే ఆ హాస్యం కేవలం కొంటెతనంగానే కనిపిస్తుంది.

లెక్కపెట్టిన మాటలు

రేడియో తంతికి పదానికి ఇంత అని రుసుము. అందులో ఓడ వాటా, తీర కేంద్రం వాటా, నేల మీది తంతి మార్గం వాటా అని మూడు భాగాలు కలిసేవి. చిరునామాలోని పదాలకూ, చివరి సంతకానికీ సైతం వెల కట్టవలసిందే. కనుక తీరంలో ఉన్నవాడు పంపే తంతి కంటే ఓడ మీద ఉన్నవాడు పంపే తంతి మరింత ఖరీదు, మరింత క్లుప్తం. క్రియలు జారిపోయేవి, విశేషణాలు రాలిపోయేవి. తంతి ఆపరేటర్లు తమలో తాము ‘73’ అంటే శుభాకాంక్షలనీ, ‘88’ అంటే ప్రేమ, ముద్దులనీ అంకెలతోనే చెప్పుకొనేవారు.

శుభాకాంక్షను అంకెగా మార్చడం తంతి శాఖలు కూడా చేసిన పనే. భారత తంతి శాఖలో పండుగలకూ పెళ్ళిళ్ళకూ ముందే రాసిపెట్టిన వాక్యాల పట్టిక ఉండేది. పంపేవారు అంకె ఒకటి చెబితే, అందుకొనేవారికి పూర్తి వాక్యం చేరేది. తెలుగునాట పెళ్ళి పందిరికి వచ్చిన తంతులు అనేకం ఇటువంటి అంకెల ఫలాలే. బ్రిటన్‌లో 1935 జూలైలో తపాలా శాఖ అలంకరించిన కాగితం, బంగారు రంగు కవరుతో శుభాకాంక్షల తంతిని ప్రవేశపెట్టింది. తంతి అంటే చావు కబురేమోనన్న భయం జనంలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మరణ వార్తలు మోసిన కాగితం అది. ఆ భయాన్ని పోగొట్టడానికి రంగుల కవరు ఒక మార్గం, దానిలోని చమత్కారం మరొక మార్గం.

శాఖ ఇచ్చే వాక్యానికీ నావికుని సందేశానికీ భేదం ఇక్కడే మొదలవుతుంది. పట్టికలోని వాక్యం ఏ వధూవరులకైనా సరిపోతుంది. నావికుడు ఆ ఒక్క పెళ్ళికే, ఆ ఒక్క వరునికే, ఆ ఒక్క సభలోనే అర్థమయ్యే మాటను వెతుక్కొనేవాడు. ఆ సభ కూడా నిర్దిష్టమైనదే. ఆంగ్లేయుల పెళ్ళి విందులో తోడిపెళ్ళికొడుకు లేచి నిలబడి, వచ్చిన తంతులను ఒక్కొక్కటిగా పైకి చదవడం ఆచారంగా ఉండేది. అంటే ఈ రచన కాగితం మీద పుట్టినా వినడానికే రూపొందింది. రచయిత వేల మైళ్ళ దూరంలో ఉంటాడు. వాచకుడు వేరు. శ్రోతలు అతని గొంతులో మరొకరి మాట వింటారు.

గ్రంథ సంఖ్యలు – ధ్వని

క్లుప్తతకు బ్రిటిష్ నౌకాదళం కనుగొన్న అత్యంత చమత్కారమైన ఉపాయం బైబిలు అధ్యాయ, వచన సంఖ్యలను సందేశంగా పంపడం. ఆదివారపు ప్రార్థన నౌకాదళ జీవితంలో భాగం. బైబిలు ప్రతి ఓడలోనూ ఉండేది. గ్రంథం పేరు, రెండు అంకెలు పంపితే చాలు, అందుకొన్న ఓడలో ఎవరో ఒకరు గ్రంథం తెరిచి అర్థం రాబట్టేవారు. పై అధికారిని నేరుగా ఆక్షేపించలేని మాటను కూడా పవిత్ర గ్రంథం చాటున అనగలిగేవారు.

వివాహ సందేశాలకు సంబంధించి ఈ కోవలో లోకప్రసిద్ధమైన కథ ఒకటి ఉంది. ఇది నావికులకే పరిమితమైనది కాదు. తంతి ఉన్న చోటల్లా వినిపించిన కథ. మిత్రుడొకడు నూతన వధువుకు యోహాను రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం పద్దెనిమిదో వచనాన్ని శుభాకాంక్షగా పంపాడు. ప్రేమ పరిపూర్ణమైనప్పుడు భయానికి అక్కడ తావుండదని ఆ వచన భావం. మార్గంలో ‘మొదటి’ని సూచించే అంకె జారిపోయింది. మిగిలింది యోహాను సువార్త నాలుగో అధ్యాయం పద్దెనిమిదో వచనం. అది సమరయ స్త్రీతో యేసు జరిపిన సంభాషణ. ఆమెకు అంతకుముందు అయిదుగురు భర్తలున్నారనీ, ఇప్పుడున్నవాడు భర్త కాడనీ ఆ వచనం చెబుతుంది. పెళ్ళి విందులో ఎవరో బైబిలు తెప్పించి ఈ వచనాన్ని పైకి చదివారని కథ.

ఈ కథను మూడు కోణాలలో పరిశీలించవచ్చు. మొదటిది అలంకారశాస్త్ర కోణం. సందేశంలో వాచ్యార్థమంటూ దాదాపు ఏమీ లేదు. ఉన్నది గ్రంథం పేరు, రెండు సంఖ్యలు. అర్థమంతా శ్రోత శ్రమించి తెచ్చుకొనవలసినదే. అవధాన సభలో పృచ్ఛకుడు సమస్య ఇచ్చి పూరణను అవధానికి వదిలినట్లు, ఇక్కడ పంపినవాడు సంకేతం ఇచ్చి పూరణను పెళ్ళి సభకు వదిలాడు. భేదమల్లా ఇక్కడ పూరణ ఒకే గ్రంథంలో ముందే సిద్ధంగా ఉండడం. పుట తిప్పే ఆ కొద్ది క్షణాల ఎదురుచూపే హాస్యానికి భూమిక.

రెండవది కర్తృత్వ కోణం. అంకె జారిపోవడం పొరపాటా, పంపినవాని కొంటెతనమా అన్నది కథలోంచి తేల్చలేము. ఆ సందిగ్ధమే పంపినవానికి రక్ష. తప్పు తంతి గుమాస్తా మీదికో, గాలి మీదికో నెట్టవచ్చు. వధువును అవమానించాడని అతనిని ఎవరూ పట్టుకోలేరు.

మూడవది వ్యాప్తి కోణం. ఈ కథకు స్థిరమైన ఊరూ పేరూ లేదు. చెప్పేవారిని బట్టి పంపినవాడు మారతాడు, సందర్భం మారుతుంది, మారనిది ఆ రెండు వచనాల జంట మాత్రమే. శ్రీనాథుని పేరుతోనూ తెనాలి రామకృష్ణుని పేరుతోనూ చెలామణి అయ్యే చాటువుల విషయంలో తెలుగు పరిశోధకులు గమనించిన లక్షణం ఇదే. చారిత్రకంగా జరిగిందా అన్న ప్రశ్నకు సమాధానం దొరకకపోయినా, ఒక సమాజం తన మాధ్యమాన్ని ఎలా ఊహించుకుందో ఆ కథ చెబుతుంది. మాటను అంకెకు కుదిస్తే ఒక్క అంకె జారినా పవిత్రత పరిహాసమైపోతుందన్న భయమూ, ఆ భయాన్ని నవ్వుగా మార్చుకొనే నేర్పూ అందులో ఉన్నాయి.

శ్లేష – సమానుల సరసం

అభినందన సందేశంలో శృంగారపు తాకిడి గల శ్లేష ఎంతవరకు చెల్లుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి వివాహేతర సందర్భంలో దొరుకుతుంది. అడ్మిరల్ సర్ జేమ్స్ సోమర్‌విల్ అప్పటికే ‘సర్’ బిరుదు ఉన్న ‘నైట్’. 1941లో ఆయనకు అదే స్థాయి బిరుదు మరొకటి లభించింది. మధ్యధరా నౌకాదళాధిపతి అడ్మిరల్ కన్నింగ్‌హామ్ పంపిన అభినందనలో, ఈ వయసులో రెండుసార్లు ‘నైట్’ అయ్యారా అన్న ఆశ్చర్యం ఉంది. ఆంగ్లంలో వీరబిరుదును సూచించే మాటకూ రాత్రిని సూచించే మాటకూ వర్ణక్రమం వేరు, ఉచ్చారణ ఒకటే. కాగితం మీద అది గౌరవప్రదమైన అభినందన. పైకి చదివితే సరసం. తెలుగు లిపిలో రెండు మాటలూ ఒకే విధంగా రాస్తాము కనుక శ్లేష మనకు సులభంగా అందుతుంది. కాని రాతకూ వినికిడికీ మధ్య దాగిన ఆ ఎడం మాత్రం మన లిపిలో కనిపించదు.

ఈ సందేశం కూడా చెప్పేవారిని బట్టి కొద్దికొద్ది మాటల తేడాతో వినిపిస్తుంది. అది చాటు స్వభావమే. ఇద్దరూ ఉన్నత నౌకాదళాధికారులు, యుద్ధంలో సహచరులు. సరసం చెల్లడానికి ఆ సమానత్వమే ఆధారం. వివాహ సందేశాలలోనూ ఇదే మర్యాద. పరిహాసానికి గురి అయ్యేవాడు పంపినవాని తోటి నావికుడైన వరుడే.

సంకేతావళి – అనౌచిత్యం

నావికుల హాస్యానికి మరొక గని అంతర్జాతీయ సంకేతావళి. అందులో ఒక్కొక్క అక్షరానికి అత్యవసరమైన ఒక అర్థం నిర్దిష్టమై ఉంది. ‘యూ’ అంటే మీరు ప్రమాదంలోకి పోతున్నారని హెచ్చరిక. ‘ఎల్’ అంటే వెంటనే మీ ఓడను ఆపండి. ‘జీ’ అంటే నాకు దారి చూపే పైలట్ కావాలి. ‘హెచ్’ అంటే పైలట్ మా ఓడ ఎక్కాడు. ‘డీ’ అంటే నాకు దూరంగా ఉండండి, ఓడను అతి కష్టం మీద తిప్పుతున్నాను. ‘టీ’ అంటే నాకు దూరంగా ఉండండి, మరొక పడవతో జంటగా వల లాగుతున్నాను.

ఈ వాక్యాలలో హాస్యం లేశమైనా లేదు. మనుషుల ప్రాణాలు కాపాడడానికి కూర్చిన మాటలివి. వీటిని పెళ్ళి పీటల ముందు నిలిపితే ప్రతి వాక్యమూ మరొక అర్థం ధరిస్తుంది. ‘యూ’ వరునికి మిత్రుల హెచ్చరిక అవుతుంది. ‘జీ’ నుండి ‘హెచ్’కు మారడం బ్రహ్మచారి గృహస్థు కావడమవుతుంది. ‘టీ’ సంసారానికే నిర్వచనమవుతుంది. అనౌచిత్యమే హాస్యానికి విభావమని అభినవగుప్తుడు చెప్పిన సూత్రానికి ఇంతకంటె తేటైన ఉదాహరణ దొరకడం కష్టం. పదం మారలేదు, స్థలం మారింది. గంభీరమైన భాష తనది కాని చోట నిలబడినప్పుడు నవ్వు పుట్టింది.

ఈ నవ్వుకు వృత్తిపరమైన లోతు కూడా ఉంది. సంకేతావళి అర్థం తెలిసినవారికే అది అందుతుంది. విందులో ఉన్న నావికులు ముందు నవ్వుతారు. వధువు తరఫువారికి ఎవరో వివరించాలి. ఆ వివరణతో కొత్త కుటుంబం వరుని వృత్తి భాషలోకి మొదటి అడుగు వేస్తుంది. బ్రిటిష్ నౌకాదళంలో తమవాడి పెళ్ళి రోజున పచ్చని ఆకుల దండను ఓడ మీద ఎత్తి కట్టే ఆచారం కూడా ఇటువంటిదే. ఆ దండ అర్థం తెలిసినవారికి అది పెళ్ళి కబురు, తెలియనివారికి ఆకుల గుత్తి.

తెలుగు వివాహ హాస్యంతో సామ్య భేదాలు

పెళ్ళిలో పరిహాసానికి అనుమతి ఇవ్వడం తెలుగు సంస్కృతికి కొత్త కాదు. వియ్యాలవారి పాటలలో వియ్యపురాలిని తిండిపోతుగా, గయ్యాళిగా చిత్రించి పాడతారు. బువ్వబంతి దగ్గర ఆటపట్టిస్తారు. పెళ్ళి ముగిస్తే అనరాని మాటలు ఆ పందిరి కింద అనవచ్చు. మరొక వైపు మిత్రులు, బంధువులు పంచరత్నాలు రాసి, అచ్చు వేయించి, సభలో చదివి పంచే ఆచారం ఇరవయ్యో శతాబ్దంలో విస్తరించింది. మొదటిది పరిహాసం, రెండవది మంగళాశాసనం. నావికుని సందేశం ఈ రెండింటి పనినీ పది పదాలలో కలిపి చేస్తుంది.

భేదాలు మరింత గమనించదగినవి. వియ్యాలవారి పాట ఎదురెదురుగా కూర్చున్న రెండు వర్గాల మధ్య సాగుతుంది. ఒక పక్షం పాడితే మరొక పక్షం బదులు పాడుతుంది. పాడే స్త్రీ బృందంలో కలిసి ఉంటుంది కనుక ఆ మాటకు ఏ ఒక్కరూ కర్త కారు. నావికుని తంతికి బదులు లేదు. అది చదివే సమయానికి అతడు ఏ సముద్రంలో ఉన్నాడో సభకు తెలియకపోవచ్చు. తన మాటకు ఎవరు నవ్వారో, ఎవరు ముఖం ముడుచుకున్నారో అతనికి తెలిసేది నెలల తరువాతే.

అందుచేత వియ్యాలవారి పాట సాన్నిధ్యం నుండి పుట్టిన హాస్యమైతే, నావికుని తంతి లోటు నుండి పుట్టిన హాస్యం. తమ్ముని పెళ్ళికి అన్న రాలేదు, మిత్రుని పెళ్ళికి మిత్రుడు రాలేదు. రాలేకపోయినందుకు చింతిస్తున్నానని రాస్తే ఆ విందులో ఒక ఖాళీ కుర్చీ మీదికి అందరి చూపూ మళ్ళుతుంది. చమత్కారం రాస్తే ఆ కుర్చీలో అతడే కూర్చొని మాట్లాడినట్లు ఉంటుంది. తోడిపెళ్ళికొడుకు గొంతులో అతని మాట వినిపించిన ఆ అర నిమిషం అతడు సభలో ఉన్నట్లే లెక్క. విచారాన్ని దాచుకొనే మర్యాద ఈ హాస్యంలో ఉంది.

యుద్ధకాలం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. శత్రువుకు జాడ తెలియకుండా ఓడలు రేడియో మౌనం పాటించవలసి వచ్చినప్పుడు నడిసముద్రం నుండి సొంత సందేశాలకు తావు లేదు. రేవు చేరిన తరువాతనే ఇంటికి ఏదైనా పంపవచ్చు. అటువంటి కాలంలో పెళ్ళి విందుకు ఓడ నుండి తంతి రాకపోవడానికి అర్థాలు అనేకం. అన్నింటినీ ఆ ఇల్లు మనసులోనే పెట్టుకొనేది. సరసపు తంతి ఒకటి వస్తే దాని మొదటి అర్థం అందులోని చమత్కారం కాదు, పంపినవాడు బ్రతికే ఉన్నాడన్న కబురు.

సేకరణ – నష్టం

తెలుగు చాటువులకు వేటూరి ప్రభాకరశాస్త్రి చేసిన పనిని, నౌకాదళ సంకేత సందేశాలకు కెప్టెన్ జాక్ బ్రూమ్ కొంతవరకు చేశాడు. 1942లో ధ్వంసమైన పీక్యూ–17 రక్షణ నౌకాశ్రేణికి తోడుగా వెళ్ళిన దళానికి నాయకుడు ఆయన. వ్యంగ్య చిత్రకారుడు కూడా. ఆయన 1955లో ప్రచురించిన ‘మేక్ ఎ సిగ్నల్’ నౌకాదళ సందేశాల చరిత్రనూ వాటిలోని చమత్కారాలనూ గుదిగుచ్చింది. యుద్ధపు చేదును చూసిన మనిషే ఈ హాస్యాన్ని సేకరించాలని అనుకోవడం గమనార్హం.

బ్రూమ్ సేకరణలో ముఖ్యస్థానం నౌకాదళ విధులలో నడిచిన సందేశాలది. ఇళ్ళకు వెళ్ళిన పెళ్ళి తంతులు ఏ ఒక్క చోటా పోగుపడే వీలు లేనివి. అవి ఇళ్ళ పెట్టెలలో, పెళ్ళి ఫొటోల ఆల్బమ్‌లలో మిగిలాయి. ఇంతలో మాధ్యమమే కనుమరుగైంది. 1999 ఫిబ్రవరి 1 నాటికి ఉపగ్రహాధారిత ప్రపంచ సముద్ర భద్రతా వ్యవస్థ పూర్తిగా అమలులోకి వచ్చి, ఓడలలో మోర్స్ అవసరం తీరిపోయింది. బ్రిటన్ దూరశ్రేణి రేడియో కేంద్రం పోర్టిస్‌హెడ్ రేడియో 2000లో మూతపడింది. భారతదేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. ఇప్పుడు ఓడ మీది నావికుడు పెళ్ళిని తెర మీద చూస్తూ మాట్లాడగలడు. లోటు తగ్గింది, లోటు పుట్టించిన రచనా రూపం కూడా దానితో పోయింది.

తెలుగు పరిశోధనకు ఇందులో ఒక కర్తవ్యం ఉంది. కోరంగి రేవు కాలం నుండి విశాఖపట్నం తూర్పు నౌకాదళ కేంద్రంగా ఎదిగిన కాలం వరకు సముద్రం మీద బ్రతుకు వెతుక్కొన్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఉత్తరాంధ్ర తీరంలో నౌకాదళంలోనూ వాణిజ్య నౌకలలోనూ పనిచేసినవారి ఇళ్ళలో పాత తంతి కాగితాలు, ఉత్తరాలు దొరికే అవకాశం ఉంది. తంతి ఆంగ్లాక్షరాలలో నడిచింది కనుక, తెలుగు సరసం ఆ అక్షరాలలోకి ఒదిగి ఎలా ప్రయాణించిందో, లేక ఒదగలేక పట్టికలోని అంకెకే పరిమితమైందో ఆ కాగితాలే చెప్పాలి. వాటిని అందుకొని పందిరిలో పైకి చదివినవారు నేడు వృద్ధులు. కాగితం దొరికినా, దాని వెనుక కథ చెప్పేవారు లేకపోతే చాటువులో సగం పోయినట్లే.

ముగింపు

నావికుల వివాహ సందేశాలు కర్త నిలవని, సందర్భం విడిచి బ్రతకని, పైకి చదివితేనే పూర్తయ్యే రచనలు. గ్రంథ సంఖ్యలలో ధ్వని, బిరుదు మాటలో శ్లేష, సంకేతావళిలో అనౌచిత్యం వాటి హాస్య సాధనాలు. పదానికి వెల ఉండడం వాటికి రూపాన్ని ఇచ్చింది. దూరంగా ఉన్నవాడు నవ్వుల నడుమ తన చోటు తాను నిలుపుకోవడం వాటికి ప్రయోజనాన్ని ఇచ్చింది. చాటువును పద్యానికే పరిమితం చేయకుండా సందర్భ సాహిత్యంగా గుర్తిస్తే, తంతి కాగితం మీది పది మాటలకు కూడా సాహిత్య చరిత్రలో చోటు దొరుకుతుంది. ఆ చోటు ఇవ్వడం ఆలస్యమైతే, ఇవ్వడానికి కాగితాలు మిగలవు.